కుండ గొంతు, గాజు వాల్వు

పాత వాల్వు రేడియో ముందువైపు టోన్ అని రాసి ఉన్న నాబ్ చాలా దర్జాగా కనిపిస్తుంది. వెనక అట్ట విప్పి చూస్తే ఆ దర్జాకు తగ్గ సరంజామా ఏమీ ఉండదు. ఒక వేరియబుల్ రెసిస్టర్, దాని కాలికి అతికించిన ఒక మైనపు పూత కండెన్సర్, అంతే. అవుట్‌పుట్ వాల్వు ప్లేటు దగ్గర కూర్చుని, పాటలోని సన్నటి ధ్వనుల్ని చప్పుడు లేకుండా ఛాసిస్‌లోకి దింపేయడమే ఆ కండెన్సర్ పని. నాబ్ ఒక పక్కకు తిప్పితే గాయకుడి గొంతు బరువెక్కుతుంది, రెండో పక్కకు తిప్పితే పదునెక్కుతుంది. ఇంటి పెద్దాయన తిప్పి చూసి, బేస్ పెరిగిందని సంబరపడేవాడు. పెరిగిందేమీ లేదు. పైవి పోయాయి గనుక కిందివి పెద్దగా వినిపించాయి.

దీన్ని మోసం అంటే ఇంజనీర్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. రెసిస్టర్లు, కండెన్సర్లు, కాయిళ్లు సొంతంగా ఏ ధ్వనికీ బలం ఇవ్వలేవు, తీసెయ్యడం ఒక్కటే వాటికి చేతనవును. ట్రెబుల్ పెంచే సర్క్యూట్ అంటే తక్కినదాన్నంతా ముందే కిందికి నొక్కి ఉంచి, ట్రెబుల్‌ను మాత్రం నొక్కకుండా వదిలిపెట్టేది. ఆ తర్వాత పోయిన బలాన్ని మొత్తంగా తిరిగి పోయడానికి వాల్వు కావాలి. ఈక్వలైజర్ల చరిత్ర చాలావరకు ఈ రెండు పనుల పంపకమే. ఏది తీసెయ్యాలో నిర్ణయించేది ఎవరు, తీసేసినది మళ్లీ ఇవ్వడానికి ఎవరి దగ్గర లెక్క ఉంది అన్న ప్రశ్నలు మాత్రం సర్క్యూట్ బొమ్మలో కనిపించవు. అవి కనిపించాలంటే ప్రయోగశాల కంటే బస్తర్ లాంటి చోటు మేలు.

ఉమ్మడి బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. ఉత్తరాన కాంకేర్ నుంచి దక్షిణాన కోంటా దాకా అడవి, కొండలు, మధ్యలో ఇంద్రావతి. కోంటా దగ్గర శబరి దాటితే తెలుగు నేల. అక్కడి దోర్లాల మాటల్లో గోండీతో పాటు తెలుగు వినిపిస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు చేరవేసే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వచ్చాక కిరండూల్, బచేలీల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. తెలుగు వినాలనుకున్నవాళ్లకు 1948లో మొదలైన విజయవాడ కేంద్రం ఉంది, 1963 నుంచి విశాఖపట్నం ఉంది, రాత్రి పడితే హైదరాబాద్ ఉంది. జిల్లా మధ్యలో, జగదల్‌పూర్‌లో, ఆకాశవాణి కేంద్రం 1977లో గాని రాలేదు.

కరెంటు లేని ఊళ్లలో వాల్వు రేడియో ఎలా పాడేదన్నది ఈ తరం అడగదగిన ప్రశ్న. అది బ్యాటరీ మీద పాడేది, అయితే ఈ కాలపు పెన్సిల్ సెల్ మీద కాదు. ప్లేట్ల కోసం 90 వోల్టుల పెద్ద బ్యాటరీ, ఫిలమెంట్ల కోసం ఒకటిన్నర వోల్టు బ్యాటరీ, రెండూ విడివిడిగా కొనాలి. డి.కె.96, డి.ఎఫ్.96, డి.ఎ.ఎఫ్.96, డి.ఎల్.96 అనే నాలుగు వాల్వుల జట్టు అలాంటి సెట్ల కోసమే పుట్టింది. చీకట్లో చూసినా వాటి ఫిలమెంటు వెలుగుతున్నట్టు తెలియనంత పొదుపు. బ్యాటరీ ఖరీదైనది గనుక వార్తలు, పాటలు అయ్యాక సెట్టు కట్టేసేవారు. సెట్టు పాడుతున్నంతసేపూ బ్యాటరీ తరిగేది. టోన్ నాబ్ తిప్పడానికి మాత్రం ఖర్చు లేదు.

ఆ సెట్టులోనే ఇంకో ఫిల్టర్ ఉంది. దానికి నాబ్ లేదు, పేరు కూడా ఎవరికీ తెలియదు. ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్ అనే చిన్న అల్యూమినియం డబ్బా. లోపల పక్కపక్కనే రెండు కాయిళ్లు, ఒక్కోదానికి ఒక్కో చిన్న కండెన్సర్. అన్నీ కలిసి 455 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే తలుపు తీస్తాయి. హైదరాబాద్ ఎ స్టేషన్ 738 కిలోహెర్ట్జ్ మీద, 200 కిలోవాట్లతో వస్తుంది. జగదల్‌పూర్ 756 మీద, 100 కిలోవాట్లతో వస్తుంది. మధ్య తేడా 18 కిలోహెర్ట్జ్, అంటే రెండు చానళ్లు. దక్షిణ బస్తర్‌లో రాత్రిపూట హైదరాబాద్ తెలుగు వినాలంటే పక్కనే గర్జిస్తున్న జగదల్‌పూర్‌ను ఈ డబ్బాలే ఆపాలి. తలుపు సన్నగా చేస్తే స్టేషన్లు చక్కగా విడిపోతాయి, కానీ ఆ సన్నటి సందులోంచి 4 కిలోహెర్ట్జ్‌కు పైబడిన ధ్వని రాదు. వెడల్పు చేస్తే వయొలిన్ అంచు వినిపిస్తుంది, దానితో పాటు పక్క స్టేషన్ ఈల కూడా. డబ్బా పైన రంధ్రంలోంచి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో కోర్ తిప్పే మెకానిక్ ఆ క్షణంలో తనకు తెలియకుండానే ఒక సంగీత నిర్ణయం తీసుకుంటున్నాడు. చాలామంది మెకానిక్కులు స్టేషన్లు విడిపోవడం వైపే మొగ్గారు. కస్టమర్ ఫిర్యాదు చేసేది కలగాపులగం గురించే గాని, రానిదాని గురించి ఎవరు ఫిర్యాదు చేస్తారు?

జగదల్‌పూర్ స్టేషన్ నోరు విప్పేనాటికి ఊళ్లలోకి ట్రాన్సిస్టర్ వచ్చేసింది. వినేవాడి చేతిలో వాల్వు పోయింది, అయినా ఆ రోజుల్లో అంత శక్తితో మాట్లాడే ట్రాన్స్‌మిటర్‌కు భారీ వాల్వులే గతి. భారత్ ఎలక్ట్రానిక్స్ బెంగళూరులో 1961 నుంచి రేడియో వాల్వులు, 1964 నుంచి ఆకాశవాణికి ట్రాన్స్‌మిటర్లు తయారు చేస్తూ వచ్చింది. బస్తర్‌లో మాట్లాడే హల్బీ భాష పాట స్టూడియో నుంచి అడవికి వెళ్లేదాకా ఎన్ని ఫిల్టర్లు దాటిందో లెక్కపెడితే చిత్రంగా ఉంటుంది. మైకు దగ్గర ఒకటి, టేపు దగ్గర ఒకటి, లైను దగ్గర ఒకటి, మాడ్యులేటర్ దగ్గర ఒకటి, వినేవాడి సెట్టులో రెండు. ఒక్కోటీ తన మటుకు తాను న్యాయమైనదే.

ఈ న్యాయశాస్త్రం అంతా పుట్టింది టెలిఫోన్ తీగల మీద. తీగ పొడవయ్యేకొద్దీ గొంతులోని పై ధ్వనులు ముందుగా అలిసిపోతాయి. అమెరికాలో న్యూయార్క్–శాన్‌ఫ్రాన్సిస్కో లైను 1915 జనవరిలో తెరుచుకున్నది దారి మధ్యలో వాల్వు రిపీటర్లు పెట్టబట్టే. అదే ఏడాది జార్జ్ క్యాంప్‌బెల్ అనే ఏటీ అండ్ టీ ఇంజనీరు కాయిళ్లు, కండెన్సర్లు వరుసగా పేర్చిన వేవ్ ఫిల్టర్‌కు పేటెంట్ దరఖాస్తు పెట్టాడు; 1917లో మంజూరైంది. ఒకే తీగ మీద అనేక సంభాషణలు నడవాలంటే ఒక్కోదానికీ ఎంత జాగా ఇవ్వాలో తేల్చాలి. మాట అర్థమైతే చాలు అన్న లెక్కన రానురాను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు అని స్థిరపడింది. మాట కోసం గీసిన గీత అది, సంగీతం కోసం కాదు. బస్తర్ కోసం అసలే కాదు.

కొండగావ్ వైపు కోతలయ్యాక జరిగే లక్ష్మీ జగార్‌లో మోగే వాద్యాన్ని ఆ గీత పక్కన పెట్టి చూడాలి. దాని పేరు ధన్‌కుల్. గడ్డితో చుట్టిన చుట్ట మీద మట్టి కుండ, కుండ మూతి మీద బోర్లించిన చేట, చేట మీద ఆనించిన పొడవాటి విల్లు. విల్లు కర్రకు ఒక చోట వరసగా గాట్లు ఉంటాయి. గురుమాయి అని పిలిచే గాయని ఒక చేత్తో వెదురు పుల్లతో ఆ గాట్ల మీద గీస్తుంది, రెండో చేత్తో నారి లాగి వదులుతుంది. గీత చరచరమంటుంది. నారి దెబ్బ చేటలోంచి కుండలోకి దిగి గుమ్ముమంటుంది. ఈ రెండు చప్పుళ్ల మీద వరి దేవత పెళ్లి కథ రోజుల తరబడి నడుస్తుంది. గురుమాయి సుక్‌దయి పాడిన లక్ష్మీ జగార్‌ను కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్, ఆస్ట్రేలియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి అక్షరబద్ధం చేసి అచ్చు వేయించారు. పాట కాగితం మీదికి వచ్చింది. కుండ రాలేదు, రాదు కూడా.

కుండ కూడా ఫిల్టరే, పోలిక కోసం చెప్పే మాట కాదిది. మూతి దగ్గరి గాలి బరువులా, లోపలి గాలి స్ప్రింగులా పని చేస్తాయి. కాయిల్, కండెన్సర్ కలిసి చేసే పనీ అదే, సమీకరణం కూడా అదే. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పందొమ్మిదో శతాబ్దంలో గుండ్రటి బోలు పాత్రలతో ధ్వనుల్ని విడగొట్టి చూపించిన పద్ధతి ఇదే. పదిహేను లీటర్ల కుండ, పదిహేను సెంటీమీటర్ల మూతి, పొట్టి మెడ అనుకుని లెక్క వేస్తే మోత 150 హెర్ట్జ్ పరిసరాల్లో తేలుతుంది. పైన చేట పడితే ఇంకాస్త కిందికి దిగుతుంది. అంటే టెలిఫోన్ గీతకు చాలా దిగువన. వెదురు గీసిన చరచర మాత్రం హాయిగా గీత లోపల పడుతుంది. అదే ఫోన్‌లో ధన్‌కుల్ వినిపిస్తే కుండ లేని ధన్‌కుల్ వినిపిస్తుంది.

ఇక్కడ చెవిని తక్కువ అంచనా వెయ్యకూడదు. 150 పోయినా దాని రెట్లు 300, 450, 600 మిగిలితే మెదడు పోయినదాన్ని ఊహించుకుంటుంది. అందుకే ఫోన్‌లో మగ గొంతు మగ గొంతుగానే తెలుస్తుంది, దాని మూల స్వరం తీగ దాటకపోయినా. అయితే కుండ మోతలో రెట్ల పాలు తక్కువ. ఊహించుకోవడానికి మెదడుకు ఆధారం పెద్దగా దొరకదు.

వాల్వుతో ఫిల్టర్ కట్టేవాడికి మొదటి సుఖం, సంకేతం లోపలికి వెళ్లే గ్రిడ్. అది కరెంటు దాదాపుగా తీసుకోదు. ముందున్న రెసిస్టర్, కండెన్సర్ల మీద బరువు వెయ్యదు గనుక లెక్క కాగితం మీద ఎలా వచ్చిందో సర్క్యూట్లోనూ అలాగే వస్తుంది. ఒక లక్ష ఓమ్ల రెసిస్టర్, 1600 పికోఫారడ్ల కండెన్సర్ జత కడితే మలుపు దాదాపు 1000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అక్కడి నుంచి ధ్వని రెట్టింపు ఎత్తుకు వెళ్లిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇంకా నిటారుగా కొయ్యాలంటే ఇలాంటి మెట్లు రెండు మూడు పెట్టి, ఒకదాని తప్పు ఇంకొకదానికి అంటకుండా మధ్యలో ఒక్కో వాల్వు నిలబెట్టాలి. మన దగ్గర ఇ.సి.సి.83 అనీ, అమెరికాలో 12ఎ.ఎక్స్.7 అనీ పిలిచే జంట ట్రయోడ్ ఈ పనికి పెట్టింది పేరు. ఒకే గాజు బుడ్డిలో ఇద్దరు కాపలాదార్లు. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100. మామూలుగా కడితే 60 చిల్లర గెయిన్ చేతికి వస్తుంది.

సుఖం పక్కనే చిక్కు. వాల్వు లోపల గ్రిడ్‌కూ ప్లేటుకూ మధ్య ఒకటిన్నర పికోఫారడ్లకు కాస్త పైబడి కెపాసిటెన్స్ ఉంటుంది. ఎవరూ పెట్టింది కాదు, రెండు లోహపు ముక్కలు ఎదురెదురుగా ఉన్నందుకు వచ్చింది. వాల్వు 60 రెట్లు పెంచుతుంటే గ్రిడ్ వైపు నుంచి చూసినప్పుడు ఆ చిన్న విలువ కూడా అరవై రెట్లయి, నూరు పికోఫారడ్ల పైమాటగా ప్రవర్తిస్తుంది. దీన్ని మిల్లర్ ఎఫెక్ట్ అంటారు. ముందున్న వాల్యూమ్ కంట్రోల్ ఒక మెగోమ్ అనుకుంటే అది మధ్యలో ఉన్నప్పుడు గ్రిడ్‌కు కనిపించేది రెండున్నర లక్షల ఓమ్లు. ఆ జత మలుపు సుమారు 6 కిలోహెర్ట్జ్ దగ్గర. డ్రాయింగులో ఎక్కడా గీయని ఫిల్టర్ ఒకటి ట్రెబుల్‌ను తినేస్తూ ఉంటుంది. కొత్తగా వాల్వు సెట్టు కట్టినవాడు స్పీకర్ బాగోలేదని స్పీకర్ మారుస్తాడు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తాడు. తప్పు గాజు లోపల ఉందని తెలియడానికి సమయం పడుతుంది.

కాథోడ్ కింద ఇంకో తమాషా. అక్కడ 1500 ఓమ్ల రెసిస్టర్ ఉంటుంది, దాని పక్కన కండెన్సర్. 25 మైక్రోఫారడ్లు పెడితే అన్ని ధ్వనులూ సమానంగా పెరుగుతాయి. దాన్ని తీసి 0.68 పెడితే 150 హెర్ట్జ్ పరిసరాల నుంచి గెయిన్ మెల్లగా లేచి 300 దాటాక నిండుగా అందుతుంది. గిటార్ యాంప్లిఫయర్లు కట్టేవాళ్లకు ఇది చాలా ఇష్టమైన కిటుకు. వాయిద్యం బురదలోంచి పైకి తేలినట్టు ఉంటుంది. అదే కండెన్సర్ ధన్‌కుల్ రికార్డింగుకు పెడితే కుండ మోత సుమారు 4 డెసిబెల్స్ కిందికి పోతుంది. ఒకరికి బురద, ఇంకొకరికి కుండ. విలువ మాత్రం అదే 0.68.

తీసేసినది తిరిగి ఇవ్వచ్చా అన్న ప్రశ్నకు గ్రామఫోన్ రికార్డు దగ్గర మంచి జవాబు ఉంది. రికార్డు గాడిలో బేస్ పూర్తిగా చెక్కితే గాడి పక్క గాడిలోకి దూసుకుపోతుంది. అందుకని చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. వాయించేటప్పుడు ప్రీయాంప్లిఫయర్ దానికి తలకిందుల పని చేస్తుంది. మొదట్లో ఒక్కో కంపెనీకి ఒక్కో వంపు. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 3180, 318, 75 మైక్రోసెకన్ల కాలాంకాలతో ఒకే వంపు ఖాయం చేసింది. 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ పైన పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. రెండు ఇ.సి.సి.83 భాగాలు, మధ్యలో నాలుగైదు రెసిస్టర్లు, కండెన్సర్లు చాలు. అప్పు తీసుకునేటప్పుడే పత్రం రాసి పెట్టుకున్నారు గనుక తిరిగి చెల్లించడం కుదిరింది. టెలిఫోన్ గీత దగ్గర అలాంటి పత్రం లేదు. పోయింది పోయినట్టే.

స్టూడియోల సంగతికి వస్తే 1951లో న్యూజెర్సీలో యూజీన్ షెంక్, ఓలీ సమ్మర్లిన్ అనే ఇద్దరు పల్స్ టెక్నిక్స్ పేరుతో ఒక ఈక్వలైజర్ తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. పుల్‌టెక్ అని అందరూ పిలిచే పెట్టె అదే. కాయిళ్లు, కండెన్సర్లు, రెసిస్టర్లతో చేసిన వలలోంచి ధ్వని వెళ్లేటప్పుడు సుమారు 16 డెసిబెల్స్ పోతుంది. 12ఎ.ఎక్స్.7, 12ఎ.యు.7 వాల్వులు దాన్ని తిరిగి నింపుతాయి. పెంచే, తగ్గించే నాబ్‌లన్నీ సున్నా దగ్గర ఉంచితే లోపలికి వెళ్లినంతే బయటికి వస్తుంది, వంద మెలికలు తిరిగి వచ్చినా సరే. బేస్‌కు పెంచే నాబ్, తగ్గించే నాబ్ వేరువేరుగా ఉండటం దీని విశేషం. రెండూ ఒకేసారి తిప్పొద్దని సలహా. తిప్పినవాళ్లకు మాత్రం, రెండు వంపులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడక, అడుగు బరువెక్కి, ఆ పైన కాస్త ఖాళీ ఏర్పడి, డ్రమ్ము శుభ్రంగా వినిపించింది. సలహా ఉల్లంఘించడమే ఇప్పుడు ప్రామాణిక పద్ధతి.

ఇంగ్లండులో పీటర్ బాక్సాండల్ ఇంకో దారి తొక్కాడు. 1952 అక్టోబరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వచ్చిన ఆయన సర్క్యూట్లో టోన్ వల ధ్వని నడిచే దారిలో ఉండదు. వాల్వు ప్లేటు నుంచి గ్రిడ్‌కు తిరిగి వెళ్లే దారిలో ఉంటుంది. వెనక్కి వెళ్లినంత మేరకు వాల్వు తనను తాను తగ్గించుకుంటుంది గనుక, వెనక్కి వెళ్లే బేస్‌ను తగ్గిస్తే ముందుకు వచ్చే బేస్ పెరుగుతుంది. నాబ్ మధ్యలో ఉంటే సమతలం. హెరాల్డ్ బ్లాక్ 1927లో టెలిఫోన్ రిపీటర్ల కోసం కనిపెట్టిన నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇలా డ్రాయింగ్ రూమ్‌లోకి వచ్చింది. ఈ రోజు ఏ ఊరి సౌండ్ దుకాణంలో యాంప్లిఫయర్ తీసుకున్నా బేస్, ట్రెబుల్ నాబ్‌ల వెనక ఉన్నది ఎక్కువగా బాక్సాండల్ మేధే. ఆయన పేరు నాబ్ మీద మాత్రం ఎక్కడా ఉండదు.

ఆ నాబ్‌లు తిప్పేవాడికి తెలియని విషయం ఇంకొకటి. బస్తర్ దసరా డెబ్బైఅయిదు రోజులు సాగుతుంది. జగదల్‌పూర్ వీధుల్లో మొహ్రీ ఊదుతారు, నగారా కొడతారు. మొహ్రీ సన్నాయి జాతి వాద్యం, దాని గొంతు సూటిగా చెవిలోకి దిగుతుంది. మైకు సెట్టు హారన్‌కు అలాంటి గొంతులంటే ప్రీతి. నగారా అలా కాదు. హారన్ నోరు చిన్నది గనుక కింది ధ్వనులు దాని లోంచి బయటికి రావు. యాంప్లిఫయర్‌లో బేస్ నాబ్ చివరిదాకా తిప్పినా హారన్‌లోని డయాఫ్రమ్ వణికి పగులుతుందే తప్ప నగారా పలకదు.

తెలుగు సినిమా పాట కూడా ఇలాంటి గీత లోపలే పెరిగింది. 1938లో హాలీవుడ్ అకాడమీ థియేటర్ల కోసం ఒక వంపు నిర్ణయించింది. ఫిల్మ్ అంచున ముద్రించిన ధ్వనిలో గరగర ఎక్కువ గనుక 1600 హెర్ట్జ్ దాటాక క్రమంగా తగ్గిస్తూ పోయి, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్, 8 దగ్గర 18 డెసిబెల్స్ కోసెయ్యాలని. మద్రాసులో వాహినీ స్టూడియో ఇంజనీర్లు మాయాబజార్ పాటల్ని ఆప్టికల్ ఫిల్మ్ మీదికి ఎక్కించిన 1957 నాటికీ ప్రపంచమంతటా థియేటర్ల తీరు అదే. ఘంటసాల గొంతు ఆ వంపులో ఎంత నిండుగా నిలిచిందో అందరికీ తెలుసు. ఆ గొంతులో బలమంతా కోత పడని మధ్య భాగంలో ఉండటం కొంత అదృష్టం, కొంత మైకు ముందు నిలబడటం తెలిసిన విద్య. కోత పడిన భాగంలో బలం ఉన్న గొంతులు ఎన్ని వెనక వరసకు పోయాయో ఏ టైటిల్ కార్డూ చెప్పదు.

వాల్వు వెచ్చదనం అనే మాట ఈ మధ్య బాగా అమ్ముడుపోతోంది. అందులో సగం వ్యాపారం. సక్రమంగా కట్టిన వాల్వు ఈక్వలైజర్ దాదాపు ఏ రంగూ పుయ్యదు. ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్లు కాస్త పూస్తాయి, మిల్లర్ గారు కాస్త తింటారు, ట్రయోడ్ సంకేతం పెద్దదైనప్పుడు రెండో రెట్టును కాస్త కలుపుతుంది. మొత్తాన్ని కలిపి వెచ్చదనం అంటున్నారు.

2010లో శుభ్రాంశు చౌధరి అనే మాజీ బీబీసీ విలేకరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర బస్తర్ వాళ్లకు రెండో రేడియో అయింది. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వస్తుంది. చేతిపంపు పాడైన సంగతో, కూలి డబ్బు రాని సంగతో, గోండీలోనో హిందీలోనో చెప్పొచ్చు, పాట కూడా పాడొచ్చు. చెప్పినదాన్ని సరిచూసి వదిలితే ఇంకెవరైనా అదే నంబరుకు ఫోన్ చేసి వింటారు. జగదల్‌పూర్ టవర్ పై నుంచి కిందికి మాట్లాడింది. ఇది ఊరి నుంచి ఊరికి మాట్లాడింది. అయితే ఆ పాటలన్నీ నమోదైంది టెలిఫోన్ గీత లోపలే, సెకనుకు 8000 నమూనాల లెక్కన. ఫిర్యాదుకు ఆ గీత ఏ లోటూ చెయ్యలేదు, చేతిపంపు అన్న మాట 3400 హెర్ట్జ్ లోపల చక్కగా ఇముడుతుంది. డోలు కట్టుకుని పాడిన పాట దగ్గరే అది అడ్డం పడింది. వాల్వులు పోయి, ట్రాన్సిస్టర్లు పోయి, చిప్‌లు వచ్చినా అప్పటికీ గీత మాత్రం కదల్లేదు. క్యాంప్‌బెల్ నాటి తీగల ఇరుకు, తీగే లేని ఫోన్‌లోకి కూడా వచ్చి కూర్చుంది.

ఎవరైనా ఈ రోజు ధన్‌కుల్‌ను మంచి మైకుతో రికార్డు చేసి, కుండ మోతను కాస్త పైకి తేవడానికి వాల్వు ఈక్వలైజర్ కట్టాలనుకుంటే వస్తువులు దొరకని రోజులు కావు. స్లొవేకియాలో, రష్యాలో, చైనాలో ఇ.సి.సి.83లు ఇంకా తయారవుతున్నాయి. 150 హెర్ట్జ్ దగ్గర అనునాదం కావాలంటే 1 మైక్రోఫారడ్ కండెన్సర్‌కు జతగా 1.1 హెన్రీల కాయిల్ చుట్టాలి. ఇనుప కోర్ మీద వేల చుట్లు, అరచేయంత వస్తువు. చుట్టి, బిగించి, స్విచ్ వేస్తే మొదట వినిపించేది గుయ్యిమనే హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మూడో రెట్టు సరిగ్గా 150, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గాలిలోకి లీకయ్యే అయస్కాంత క్షేత్రంలో ఆ మూడో రెట్టు బాగానే ఉంటుంది. కుండ కోసం తెరిచిన కిటికీలోంచి ముందుగా సబ్‌స్టేషన్ దూరుతుంది. కాయిల్‌ను ఛాసిస్ మీద స్క్రూ బిగించకుండా చేత్తో పట్టుకుని నెమ్మదిగా తిప్పితే ఒక కోణంలో హమ్ గబుక్కున పడిపోతుంది. అక్కడ గుర్తు పెట్టి, అదే కోణంలో బిగించాలి. అయినా మిగిలితే పవర్ సప్లైను వేరే పెట్టెలోకి మార్చాలి, హీటర్లకు డీసీ ఇవ్వాలి. రోటరీ స్విచ్ ఒకటి పెట్టి 1.5, 1, 0.68, 0.47 మైక్రోఫారడ్లు మార్చుకుంటూ పోతే అనునాదం వరసగా 122, 150, 182, 219 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. కుండ కాస్త చిన్నదై 182 మెట్టుకు సరిపోతే పని సులువు, ఆ చోట హమ్ లేదు. 150 కుండే అయితే మళ్లీ స్క్రూలు విప్పి కాయిల్ తిప్పుకోవాలి.